చెలిమలపల్లె ఎక్కిళ్ళు

పొద్దు గుంకుతూనే అమీర్ బీ రాగి సంగటి కుండ దించి, తెడ్డు కడిగి గోడకు ఆనించి, గడప మీద కూర్చునేది. ఇక ఆమెకు మిగిలిన పని ఒకటే, కొడుకును తలుచుకోవడం. వాడు చిన్నప్పుడు దూది కుప్పలో దాక్కుని నిద్రపోయిన సంగతి, తండ్రి దూదేకుతుంటే ఆ వింటి మోతకు గంతులు వేసిన సంగతి, ఒక్కొక్కటే తీరిగ్గా తలుచుకునేది. ఆ వేళకు ఎక్కడో ఉత్తరాదిన పటాలంలో అన్నం తింటున్న హుస్సేన్ బాషాకు ఎక్కిళ్ళు పట్టుకునేవి. చేతిలో ముద్ద కంచంలో పెట్టి "అమీర్ బీ" అని పైకే అనేవాడు. టక్కున ఆగిపోయేవి. పక్కన కూర్చున్న సిపాయిలు అది వాడి ప్రియురాలి పేరనుకుని ఏళ్ళ తరబడి ఏడిపించారు. వాడూ కాదనలేదు.

చెలిమలపల్లెలో ఇదేమీ వింత కాదు. పెనుకొండ పోయే దారిలో, ఎర్రనేలల మధ్య, ఎండిపోయిన వంకను ఆనుకుని ఉంటుంది ఆ ఊరు. వంక ఇసుకలో చెలిమలు తవ్వి, అందులో ఊరిన నీళ్ళు తోడుకుని తాగేవాళ్ళు. ఆ నీళ్ళు కొన్నాళ్ళు కడుపులో పడితే చాలు, ఇంకొకరు మనసు పెట్టి తలుచుకుంటే ఎక్కిళ్ళు రావాల్సిందే. ఈ మాట అన్ని ఊళ్ళలోనూ ఊరికే అంటారు. ఇక్కడ మాత్రం నిజంగా జరిగేది. తలుచుకునే మనిషి పేరు చెబితే ఆగుతాయి. తప్పు పేరు చెబితే ఆగవు. మా అత్త, మా ఆయన అని వరసలు చెప్పి తప్పించుకోవడానికి వీల్లేదు, పేరే చెప్పాలి. అందుకే ఆ చుట్టుపక్కల పెళ్ళాలు మొగుడి పేరు నోరారా పలికే ఊరు ఇదొక్కటే.

పొలంలో ఉన్న మగవాణ్ణి బువ్వకు పిలవాలంటే అక్కడ కేకలు వేసే పని లేదు. పొయ్యి ముందు కూర్చుని ఒకసారి తలుచుకుంటే ఆయనే ఎక్కుతూ ఇంటికి వచ్చేవాడు. ఊరెళ్ళినవాళ్ళను బువ్వ వేళ తలుచుకోవద్దని పిల్లలకు మాటలు వచ్చీ రాకముందే నేర్పేవాళ్ళు. తిమ్మక్క అవ్వ మాత్రం గిట్టనివాళ్ళు కంచం ముందు కూర్చునే వేళ కనిపెట్టి మరీ తలుచుకునేది. ఆమెతో తగువు పెట్టుకోవడానికి ఊరంతటికీ భయం.

యాభై రెండులో పెద్ద కరువు వచ్చింది. అప్పటికే రెండేళ్ళుగా వానలు మొహం చాటేశాయి. చెలిమలో ఒక కడవ నీళ్ళు ఊరడానికి సగం పూట పట్టేది. సర్కారువాళ్ళు ఊరి చావిడిలో జొన్న మూటలు దించి గంజి కేంద్రం తెరిచారు. పిల్లలూ ముసలివాళ్ళూ సత్తుగిన్నెలు పట్టుకుని పొద్దున్నే వరస కట్టేవాళ్ళు. ఆ గంజే లేకపోతే ఆ ఎండాకాలం ఎన్ని ఇళ్ళలో దీపం ఆరిపోయేదో.

తర్వాత బావులు లోతు చేయడానికి సర్కారు పటాలాన్ని దించింది. చెలిమలపల్లెకు డజను మంది సిపాయిలు సమ్మెటలు, గడ్డపారలు, బండలు పేల్చే మందుగుండు సామాను తీసుకుని వచ్చారు. వాళ్ళలో హుస్సేన్ బాషా ఉన్నాడు. మా ఊరు సార్, నన్ను పంపండి అని అడిగి మరీ వచ్చాడు. కొడుకు కళ్ళెదురుగా తిరుగుతుంటే అమీర్ బీకి తలుచుకునే పని తప్పింది. ఆ సాయంత్రాలు ఏం చేయాలో తోచక ఇల్లంతా రెండుసార్లు ఊడ్చేది.

ఆ ఊళ్ళో కొత్త మనిషికి మంచినీళ్ళు ఇస్తూనే పేరు అడగడం మర్యాద. సిపాయిలకూ అదే మర్యాద జరిగింది.

"నీ పేరేందప్పా?" అని అడిగింది తిమ్మక్క ఒక కుర్ర సిపాయిని.

"పొన్నుసామి అవ్వా. నా పేరెందుకు మీకు?"

"ఎందుకేంది? రేపు మీ ఊరికి పోయి నువ్వు మమ్మల్ని తలుచుకుంటావు. నీ పేరు తెలీకపోతే ఈడ మేం ఎక్కి ఎక్కి చావల్నా?"

తలుచుకుంటారని ఆమెకు అంత నమ్మకం. పొన్నుసామి నవ్వి తన పేరే కాక తన చెల్లెళ్ళ పేర్లూ చెప్పాడు. కుట్టప్పన్ చెప్పాడు, చెన్నయ్య చెప్పాడు. సాయంత్రం తమకు వచ్చే రేషన్ పిండి ఇళ్ళకు తెచ్చిచ్చి, అందరితో కలిసి తినేవాళ్ళు. నాలుగు రోజులు గడిచేసరికి వాళ్ళకూ ఎక్కిళ్ళు మొదలయ్యాయి. ఎవరి అమ్మలను, పెళ్ళాలను వాళ్ళు పేరు పెట్టి పిలుచుకుంటూ బావిలో మట్టి తవ్వేవాళ్ళు.

ఒక్కరు మాత్రం పేరు చెప్పలేదు. ఆయన వాళ్ళందరికీ పైన నాయక్. వేరే పటాలం నుంచి ఈ పని కోసమే వచ్చాడు. నలభై దాటిన మనిషి, చెవుల దాకా మీసాలు. ఏ ఇంటి గడపా తొక్కకుండా, చెలిమ నీళ్ళు తాగుతూ రొట్టెలు బావిగట్టు మీదే తినేవాడు.

"సిపాయికి పేరుండదవ్వా. నంబరుంటాది" అన్నాడు తిమ్మక్కతో.

"నంబరు చెబితే ఎక్కిళ్ళు నిలబడవప్పా" అంది ఆమె. ఊరివాళ్ళు ఆయనను మీసాలాయన అని పిలుచుకున్నారు.

ఒక మధ్యాహ్నం బావిగట్టు మీద ఇద్దరే ఉన్నప్పుడు హుస్సేన్ బాషా ఆగలేక అడిగాడు. "పేరు చెబితే నీ సొమ్మేం పోతాదన్నా? మా ఊరోళ్ళు ఏమనుకుంటాండారో తెలుసా?"

నాయక్ బీడీ ముట్టించాడు. "తెల్లోళ్ళ కాలంలో ఒక ఊరికి పంపినారు మమ్మల్ని" అన్నాడు. "యా ఊరో అడగొద్దు. పొద్దున ఒకాయన నాకు బీడీ ఇచ్చి, పేరు గూడా చెప్పినాడు. మధ్యాన్నం ఆయన గుంపులో ఉండాడు. కాల్చమన్న్యారు. కాల్చినాను. ఆయన పేరు పద్నాలుగేండ్లుగా నా నోట్లో నానుతాండాది. అందుకే ఎవరి పేరూ నాకొద్దు, నా పేరూ ఎవరికొద్దు."

"అది తెల్లోళ్ళ రాజ్యం గదన్నా. ఇప్పుడు మన రాజ్యం. మనోళ్ళ మీదికి మనల్ని యాల పంపుతారు?"

"పంపితే?" అన్నాడు నాయక్. "అప్పుడు ఏం చేస్తావు నువ్వు?"

హుస్సేన్ బాషా ఆ రోజు సంగటి తినేటప్పుడు అదే ప్రశ్న తల్లి ముందు పెట్టాడు. అమీర్ బీ చేతిలోని ముద్దను కంచంలో పెట్టేసింది.

"నువ్వు కాలిస్తే ఈ ఊళ్ళో నేను యా మొగం పెట్టుకోని చెలిమ కాడికి పోవల్ల? కాల్చకపోతే నిన్ను తీసుకపోయి ఏండ్లకేండ్లు జైల్లో యేస్తారు. ఒక్కగానొక్కనివి. రెండింట్లో ఏదీ నాకొద్దు నాయనా. ఆ మాట నీదాకా రాకూడదని దేవుణ్ణి అడుక్కుంటా."

కొన్ని రోజులకు బావిలో బండ పగిలి, సన్నని ఊట పైకి చిమ్మింది. ఊరు ఊరంతా బావిగట్టు మీదే ఉంది. సిపాయిలను పట్టుకుని బురదలో ముంచి తీశారు. మీసాలాయన మీద కూడా ఎవరో చెంబుడు నీళ్ళు కుమ్మరించారు. ఆయన తుడుచుకోలేదు. అందరితో పాటు నిలబడి ఊటను చూస్తూ ఉండిపోయాడు.

అదే వారంలో అనంతపురంలో ఒక వాన పడిందట. పైనున్నవాళ్ళు కిటికీలోంచి ఆ వాన చూసి కరువు తీరిపోయిందనుకున్నారు. గంజి కేంద్రం మూసేసి మిగిలిన జొన్నలు వెనక్కి పంపమని ఉత్తరువు వచ్చింది. మూటలు ఎత్తుకుపోవడానికి రెండు లారీలు, వాటి వెనక జీపులో ఒక అధికారి వచ్చారు. చెలిమలపల్లె మీద ఒక్క చినుకు పడలేదు. ఊరివాళ్ళు ఎవరితోనూ గొడవ పడలేదు, రాయి ఎత్తలేదు. పిల్లలను ఇళ్ళలో పెట్టి తలుపులు వేసి, పెద్దవాళ్ళంతా వచ్చి లారీల ముందు రోడ్డు మీద కూర్చున్నారు.

ముందు వరసలో నారాయణప్ప కూర్చున్నాడు. హుస్సేన్ బాషా తండ్రి చనిపోయాక వాడికి సేద్యం నేర్పింది ఆయనే. అమీర్ బీని చెల్లెలా అంటాడు, వాడికి మామ. ఆయన పక్కన అమీర్ బీ. ఆ పక్కన, కూర్చోవడానికి ఇద్దరి సాయం తీసుకుని మరీ, తిమ్మక్క.

అధికారి ఎండలో నిలబడి అరిచాడు, బెదిరించాడు, గడువు పెట్టాడు. ఎవరూ లేవలేదు. పటాలానికి పెద్దగా ఉన్న కెప్టెన్‌ను పిలిపించి, దారి ఖాళీ చేయించమని కాగితం రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. కెప్టెన్ పాతికేళ్ళ కుర్రవాడు. ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి సిపాయిలను వరసలో నిలబెట్టాడు.

"నీది ఈ ఊరు కదా. నువ్వు బావి దగ్గరికి పో" అన్నాడు హుస్సేన్ బాషాతో.

"నేను పోతే నా జాగాలో ఇంకొకడు నిలబడతాడు గద సార్" అన్నాడు వాడు. వరసలోనే ఉండిపోయాడు. వాడికి సరిగ్గా ఎదురుగా నారాయణప్ప కూర్చుని ఉన్నాడు.

కెప్టెన్ మూడుసార్లు హెచ్చరించి, గురి పెట్టమన్నాడు. తుపాకులు లేచాయి.

ఊరివాళ్ళకు అప్పుడు పట్టుకుంది అసలు భయం. ఎదురుగా ఉన్న సిపాయిని ఒక్క క్షణం తలుచుకున్నా వాడికి ఎక్కిళ్ళు వస్తాయి. ఎక్కితే వేలు కదులుతుంది. వేలు కదిలితే తుపాకి పేలుతుంది, వాడికి ఇష్టం ఉన్నా లేకపోయినా. కాబట్టి అందరూ సిపాయిలను తలుచుకోకుండా ఉండటానికి తంటాలు పడ్డారు. ఒకరు గాడిదలను తలుచుకున్నారు. ఒకరు పోయిన ఏడు వేసిన చెనక్కాయ పంటను తలుచుకున్నారు. అమీర్ బీ కళ్ళు గట్టిగా మూసుకుంది. పుట్టినప్పటి నుంచి తలుచుకుంటూ వచ్చిన కొడుకును ఆ కాసేపు మనసులోకి రానీయకుండా ఆపడం, ఆమె బతుకులో చేసిన పనులన్నిటిలోకి కష్టమైన పని. పళ్ళు బిగబట్టి, పొయ్యిలోని బూడిదను మాత్రమే తలుచుకుంటూ కూర్చుంది.

ఎక్కిళ్ళు రానే వచ్చాయి. వచ్చింది మాత్రం సిపాయిలకు కాదు.

మొదట నారాయణప్పకు వచ్చాయి. తర్వాత ఆయన వెనక ఉన్న మారెమ్మకు, ఆ పక్కన తిప్పయ్యకు, వరసగా తుపాకి గురిలో ఉన్న అందరికీ. ఊరివాళ్ళకూ ఇది ఆలస్యంగానే తట్టింది. గురి పెట్టడమంటే మరేముంది, మనసులోకి ఇంకేదీ రానీయకుండా ఒక్క మనిషినే తలుచుకోవడం. అంత గట్టిగా వాళ్ళను ఆ రోజు దాకా ఎవరూ తలుచుకోలేదు. పొలంలో ఉండగా పెళ్ళాం తలుచుకుంటే వచ్చే ఎక్కిళ్ళు కావు అవి, మనిషి మనిషే కూర్చున్నచోట ఎగిరిపడుతున్నాడు.

అలవాటు కొద్దీ నారాయణప్ప పేర్లు వెతికాడు. కూతురి పేరు చెప్పాడు, ఆగలేదు. తమ్ముడి పేరు చెప్పాడు, ఆగలేదు. అప్పుడు తలెత్తి, తన రొమ్ముకు ఎదురుగా ఉన్న తుపాకి గొట్టాన్నీ, దాని వెనక ఉన్న కన్నునూ చూశాడు.

"హుస్సేన్ బాషా" అన్నాడు.

ఎక్కిళ్ళు ఆగిపోయాయి.

"నువ్వేనా అల్లుడా" అన్నాడు నారాయణప్ప, ఊపిరి తీసుకుంటూ. "నేను ఇంకెవరో అనుకున్న్యా."

హుస్సేన్ బాషా తుపాకి దించాడు. దించాలని అనుకున్నాడో లేదో వాడికే తెలియదు. ఆ పేరు చెవిన పడ్డాక చేతులు పైన నిలబడలేదు, అంతే. ఈలోపు మారెమ్మ "పొన్నుసామి" అంది. తిప్పయ్య "కుట్టప్పన్" అన్నాడు. వెనక నుంచి ఎవరో "చెన్నయ్యా, నువ్వే గదరా" అన్నారు. ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క తుపాకి కిందికి దిగింది. అధికారి జీపు దగ్గర నుంచి కేకలు వేస్తున్నాడు. కెప్టెన్ "ఫైర్" అన్నాడు. ఎవరూ కాల్చలేదు. అప్పటికి పైన నిలిచిన తుపాకి ఒక్కటే.

అది మీసాలాయనది. ఆయన గురి తిమ్మక్క మీద ఉంది.

తిమ్మక్క ఎక్కుతూనే ఉంది. ఎప్పుడో పోయిన మొగుడి పేరు చెప్పింది. సోమందేపల్లెలో ఇచ్చిన కూతురి పేరు చెప్పింది. మీసాలాయనా అని కూడా పిలిచి చూసింది. దేనికీ ఆగలేదు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. ఆయన వేలు తుపాకి మీట మీదే ఉంది. ఇరవై ఏళ్ళు నౌకరీ చేసిన మనిషైనా చెమట మాత్రం కుర్రసిపాయికి పట్టినట్టే పట్టింది.

తిమ్మక్కకు విసుగెత్తింది.

"నీ పేరన్నా చెప్పి కాల్చప్పా" అంది. "తెలీకుండా పోతే ఈ ఎక్కిళ్ళు నన్ను పైలోకంలో గూడా ఇడిసిపెట్టవు."

నాయక్ పెదవులు కదిలాయి. ఆమె మళ్ళీ ఎక్కింది.

"హనుమంతరాయుడు" అన్నాడు ఆయన.

"ఏంది? గట్టిగా చెప్పు."

"హనుమంతరాయుడవ్వా."

"హనుమంతరాయుడు" అంది తిమ్మక్క. ఆగిపోయాయి. పైట కొంగుతో మొహం తుడుచుకుని, ఒక్క నిమిషం హాయిగా గాలి పీల్చుకుంది. "యా ఊరప్పా మీది?"

"పావగడ దిక్కు."

"మా పిన్నమ్మ కూతుర్ని ఆ దిక్కే ఇచ్చినాము. ఇంత దగ్గరోనివి, అన్ని దినాలు గట్టు మీద కూచోని ఎండిన రొట్టెలు తింటివి" అంది తిమ్మక్క కోపంగా.

హనుమంతరాయుడు తుపాకిని నేల మీద పెట్టి, దాని పక్కనే చతికిలబడ్డాడు. కెప్టెన్ చేతిలోని కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. లారీలు ఖాళీగానే వెనక్కి తిరిగాయి. ఆ మధ్యాహ్నం చావిడిలో ఎప్పటిలాగే గంజి కాచారు.

పటాలంలో పైవాడి మాట కాదనడం చిన్న తప్పు కాదు. వారం తిరగకుండానే తెల్లజుట్టు కర్నల్ ఒకాయన విచారణకు వచ్చాడు. చెడ్డవాడు కాదు. బావి చూసి మెచ్చుకున్నాడు, గంజి కేంద్రం మూయవద్దని పైకి రాస్తానన్నాడు, రాశాడు కూడా. కాని ఒక మనిషి కావాలి ఆయనకు. డజను మంది మీద నేరం మోపితే పటాలానికే పరువు తక్కువ. మొదట తుపాకి దించినవాడు దొరికితే, మిగిలినవాళ్ళు వాణ్ణి చూసి చెడిపోయారని రాసి ముగించవచ్చు. ఆ మొదటివాడు ఎవరో ఊహించడం కష్టమేమీ కాదు. ఈ ఊరి పిల్లవాడు ఒకడు వరసలోనే ఉన్నాడాయె.

చావిడి ముందు సిపాయిలను నిలబెట్టి, ఊరివాళ్ళను కూర్చోబెట్టి అడిగాడు. "మొదట ఎవరు దించారు?"

మూడేళ్ళ పిల్లవాడి దగ్గర నుంచి అందరికీ తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు. అమీర్ బీ దేవుణ్ణి ఏది రాకూడదని అడుక్కుందో అది రానే వచ్చింది. కొడుకు కాల్చలేదు, ఊళ్ళో తలెత్తుకు తిరగవచ్చు. ఆ తిరగడానికి ఇక కొడుకు ఉండడు.

"ఎవరూ చెప్పకపోతే ఈ ఊరివాడేనని రాసుకుంటాను" అన్నాడు కర్నల్.

హుస్సేన్ బాషా ముందుకు అడుగు వేయబోయాడు. వాడి రొమ్ముకు అడ్డంగా ఒక చెయ్యి వచ్చింది.

"మొదట దించింది నేను సార్" అన్నాడు హనుమంతరాయుడు. "వీళ్ళకు నాయక్‌ను. నన్ను చూసే తక్కినోళ్ళు దించినారు."

కర్నల్ ఊరివాళ్ళ వైపు తిరిగాడు. "నిజమేనా?"

అబద్ధం చెప్పడానికి ఊరంతా తటపటాయించింది. తిమ్మక్క తటపటాయించలేదు.

"నిజమేనప్పా. ఈయన్నే మొదలు. తుపాకి నా మీదనే గదా పెట్టింది, నాకు తెలీదా?"

"పేరు?" అన్నాడు కర్నల్.

హనుమంతరాయుడు తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు, అందరికీ వినబడేలా చెప్పాడు. పద్నాలుగేళ్ళుగా నోట్లో నానుతున్న పేరును కూడా ఆ వెంటనే చెప్పాడు. అది ఎవరి పేరో కర్నల్‌కు అర్థం కాలేదు, రాసుకోలేదు. జీపు ఎక్కబోతూ ఆయన అమీర్ బీ ముందు ఆగాడు. ఆమె ఏడుస్తోంది.

"హుస్సేన్ వాళ్ళమ్మా, వస్తా" అన్నాడు. జీపు దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది.

ఆయనకు నౌకరీ పోయింది, రెండేళ్ళు జైలు పడింది. హుస్సేన్ బాషాను దూరంగా ఇంకో పటాలానికి మార్చారు. వాడికి సాయంత్రం ఎక్కిళ్ళు మామూలే.

కొత్త బావి నీళ్ళకు ఇంటింటికీ వంతులు వేసుకునే రోజున నారాయణప్ప ఇంకో మాట ఎత్తాడు.

"నీళ్ళకు వంతులేసుకున్నెట్ల ఆయనకు గూడా ఏసుకుందాము. అందరం ఒకేసారి తలుచుకుంటే ఆయన ఊపిరాడక చస్తాడు. ఎవురూ తలుచుకోకుంటే ఆడ ఒంటరోడైపోతాడు. దినానికి ఒక్క ఇల్లు. బువ్వ తిన్న్యాక."

అందరూ సరేనన్నారు. ఆ రోజు నుంచి చెలిమలపల్లెలో సాయంత్రం ఒక ఇంటివాళ్ళు గడప మీద కూర్చుని హనుమంతరాయుడిని తలుచుకునేవాళ్ళు. ఒక్క పూట కూడా వంతు తప్పలేదు.

జైల్లో ఆయన అవస్థ చూడాలి. ఎవరి పేరూ వద్దని చెవులు మూసుకుని తిరిగిన మనిషి, ఇప్పుడు రోజుకొక పేరు చెబితే తప్ప ఎక్కిళ్ళు ఆగవు. బావిగట్టు మీద అప్పుడప్పుడు వద్దన్నా చెవిన పడ్డ పేర్లన్నీ గుర్తు చేసుకున్నాడు. అవి అయిపోయాక తోటి ఖైదీలు సాయం పట్టారు. ఆయనకు ఎక్కిళ్ళు మొదలు కాగానే చుట్టూ చేరి తమ ఊళ్ళలోని మనుషుల పేర్లన్నీ ఒక్కొక్కటే అందించేవాళ్ళు. "నల్లమ్మ? కాదా? సోమప్ప? ఆంజినమ్మ?" సరైన పేరు తగిలి టక్కున ఆగితే అందరూ చప్పట్లు కొట్టేవాళ్ళు. జైలు వార్డరు కూడా తన మేనత్త పేరు ఒకటి ఇచ్చాడు, అది తగిలింది. అలా ఇల్లు ఇల్లుగా, మనిషి మనిషిగా, ఒక్క పేరు తప్ప ఊరు మొత్తం ఆయన నోటికి వచ్చేసింది. వంతు పేరుతో ఆగిన కాసేపటికి రోజూ రెండోసారి పట్టుకునే ఎక్కిళ్ళకు మాత్రం ఆయన ఎవరినీ పేర్లు అందించనిచ్చేవాడు కాదు.

జైలు నుంచి విడుదలైన హనుమంతరాయుడు పావగడ బస్సు ఎక్కలేదు. పెనుకొండ బస్సు ఎక్కి, రోడ్డు మీద దిగి, చెలిమలపల్లెకు నడిచి వచ్చాడు. మీసాలు తెల్లబడ్డాయి. వీధి మొదట్లో కూర్చుని చేట అల్లుతున్న మనిషిని చూసి "మారెప్పా, నువ్వేనా? నీ దినం వస్తే, నీ పేరు తగిలేదాంక అర్ధగంట ఇడిసేవానివి కాదు గదప్పా" అన్నాడు. ఆ తర్వాత ఇంటింటి ముందు ఆగి, ఎప్పుడూ మాట్లాడని మనుషులను పేరు పెట్టి పలకరించుకుంటూ నడిచాడు. తిమ్మక్క ఆయన రెండు చెంపలూ తడిమి, చిక్కిపోయినావని తిట్టింది.

అమీర్ బీ ఇంటి ముందుకు వచ్చేసరికి ఆమె సంగటి కుండ దించుతోంది. ఆయనను చూసి కుండ అక్కడే వదిలేసి లేచి నిలబడింది.

"దినానికి ఒక ఇల్లని ఊరోళ్ళు వంతులేసుకున్న్యారంట" అన్నాడు హనుమంతరాయుడు. "ఆ ఇంటోళ్ళ పేరు చెబితే అవి ఆగేటివి. ఆగినంక మళ్ళా ఇంకోసారి వచ్చేటివి, దినామూ. రెండేండ్లు ఒక్కదినం తప్పలేదు. అవి తెల్లారేదాంక ఆగేటివి కాదు."

"వంతుతో సరిపెట్టుకోలేకపోయినా నాయనా" అంది అమీర్ బీ. "నువ్వు నిద్ర లేకుండా అల్లాడిపోయింటావు. తెలిసి గూడా నన్ను నేను ఆపుకోలేకపోయినా."

"అది నువ్వేనని నాకు తెలుసు. జైల్లో వాళ్ళు ఎన్నో పేర్లు అందిస్తామన్న్యారు, నేనే వద్దన్న్యా. నీ పేరు ఊరికే ఊహించి చెప్పబుద్ధి కాలేదు. అడిగి తెలుసుకుందామని వచ్చినా." ఆయన తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. "నీ పేరేందమ్మా?"

ఎక్కిళ్ళ వేళ తప్ప ఊళ్ళో అందరూ ఆమెను బాషా వాళ్ళమ్మ అనే పిలిచేవాళ్ళు. తన పేరు తన నోటితో ఎవరికైనా చెప్పి ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తు లేదు.

"అమీర్ బీ" అంది.

"అమీర్ బీ" అన్నాడు హనుమంతరాయుడు.

ఆమె కంచం కడిగి ఆయన ముందు పెట్టింది.